అటక దిగిన గుండిగలు

"మా గుండిగలు మాకిచ్చెయ్యండమ్మగారూ, పోతాను," అంది సూర్యావతి, కాంతంగారి వీధరుగు ముందు నిలబడి. అడగడం ఇది నాలుగోసారి. మొదటిసారి నవ్వుతూ అడిగింది. ఇప్పుడు ఆ నవ్వు మొహంలో ఏ మూలా లేదు.

"ఏమిటే ఆ కేకలు? డొక్కు గుండిగలు, నేనేమన్నా మింగేశానా?"

"మింగడానికి పట్టవులెండి. పదున్నాయి."

అరుగు మీద పడకకుర్చీలో ఉన్న ఆవిడ భర్త సుబ్రహ్మణ్యేశ్వరరావుగారు పేపరు కాస్త పైకెత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నారు.

సూర్యావతిది పదిమంది కూలి ఆడవాళ్ల పొదుపు సంఘం. మండలాఫీసు నుంచి వచ్చే ప్రకాశరావుగారు వాళ్లకు వ్యాపారం నేర్పారు. "పెట్టుబడి లేదని దిగులు పడకండి. ఇంట్లో ఊరికే పడున్న వస్తువులన్నీ ఒకచోట చేర్చి అద్దెకు తిప్పండి. అటక మీద ఉంటే తుప్పు పట్టిపోవడమే కదా!" అన్నారు. ఇత్తడికి తుప్పు పట్టదని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఊళ్లో మోతుబరులంతా ఇత్తడి సామాను తూకానికి వేసేసి స్టీలు కొనుక్కున్నారు. కూలిళ్లలో మాత్రం, అమ్మ ఇచ్చిందనో అమ్మమ్మ ఇచ్చిందనో, అటక మీద తలో గుండిగా మిగిలింది. పదీ కలిస్తే ఒక పెళ్లివంటకు సరిపోయాయి. మొదటి బేరం కాంతంగారి అమ్మాయి పెళ్లే. పెళ్లయి పదిహేను రోజులైంది.

"వంటవాళ్లు తోముతామని పట్టుకెళ్లేరే. వాళ్లనడుగు," అంది కాంతంగారు.

"వంట చిన్నబ్బాయినడిగే వచ్చేనండి. పెళ్లి మర్నాడే తోమి, పదీ ఇదే అరుగు మీద బోర్లించేడంట."

"అయితే అటకెక్కించి ఉంటారు."

"నిచ్చెనిప్పించండి. నేనే దించుకుంటాను."

"నువ్వు మా అటకెక్కుతావా! చాల్చాల్లే. పెళ్లిల్లు, వందమంది తిరిగిన కొంప. ఎవడో ఎత్తుకుపోయుంటాడు."

"ఆయ్. అయితే పోలీసులకి చెబుదాం రండి. నేనూ వస్తాను."

పేపరు ఠక్కున దిగింది. "పోలీసులెందుకే? వారం రోజులాగు. నేను తెప్పిస్తాగా."

"ఎక్కణ్ణించండీ?"

పేపరు మళ్లీ పైకి లేచింది.

"వారం ఆగడానికి లేదండి బాబూ! రేపు నారాయణమూర్తి మాస్టారింట్లో గృహప్రవేశం. ఇత్తడి గుండిగల్లోనే వండాలని పట్టుబట్టి మాకు చెప్పేరు. రేపు మా మాట పోయిందంటే ఇక మా గుమ్మం తొక్కేవాళ్లుండరు. పదిమందిమి పోగైంది దీనికోసమేనాండీ?"

"నా గుమ్మంలో నిలబడి నన్నే నిలదీస్తావేమే? నీకు ఆ మండలాఫీసాయన నేర్పింది ఇదేనా?" కాంతంగారు లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. కోపంతో వేసిన తలుపు కాదది. చప్పుడు కాకుండా, జాగ్రత్తగా వేసింది. సూర్యావతికి ఒళ్లు మండిపోయింది. తిట్టడానికి నోరు తెరిచింది గానీ ఎదురుగా పేపరు తప్ప మనిషి కనపడలేదు. పేపర్ని ఏం తిడుతుంది?

ఇంటికొచ్చేసరికి తొమ్మిదిమందీ ఆమె గుమ్మంలోనే కూర్చుని ఉన్నారు. అందరికన్నా పెద్దది పాపాయమ్మ. విషయం విని, చేతిలో కొబ్బరిపీచు నేలకేసి కొట్టింది. "అద్దె లేదు, అలుగ్గుడ్డ లేదు, నా గుండిగ నాకు తెచ్చియ్యి. మా అమ్మ మోసుకొచ్చింది దాన్ని. నువ్వు పట్టుకెళ్లేవు, నువ్వే తే!"

మిగతావాళ్లూ పాపాయమ్మ వైపే జరిగి కూర్చున్నారు. అదే సూర్యావతికి ఇంకా కష్టంగా ఉంది.

అంతలో మోపెడ్ దిగిన ప్రకాశరావుగారు సంగతంతా విన్నారు. కాసేపు గడ్డం గోక్కున్నారు.

"కంగారు పడకండి సూర్యావతిగారూ. కొత్తపేట అవతల ఒక సంఘం ఉంది, వాళ్ల దగ్గర ఇత్తడి సామానుంది. రేపటికి అద్దెకు తెప్పిస్తాను. మాస్టారు మీకిచ్చేదంతా వాళ్లకే పోతుందనుకోండి. అయినా మీ మాట నిలబడుతుంది."

"మా గుండిగలు పోగొట్టుకుని, ఇంకోళ్లవి అద్దెకి తెచ్చుకోవాలాండీ?" అంది సూర్యావతి. "ఆ సంఘం వాళ్లు బానే ఉన్నారన్నమాట!"

"మరి వాళ్ల ప్రెసిడెంటుగారు అలాంటావిడండీ. నలభై ఎకరాల పొలమున్న ఇల్లు. అయినా సంఘంలో చేరారు, చూడండి ఎంత ఉత్సాహమో!"

నలభై ఎకరాలావిడకు పొదుపు సంఘమెందుకని ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక అక్కడ ఎవరికీ లేదు. సరేనన్నారు.

మర్నాడు తెల్లారేసరికి మాస్టారి ఇంటి ముందు ఆటో ఆగింది. పది ఇత్తడి గుండిగలు, చింతపండుతో తోమినట్టున్నాయి, ఎండలో తళతళలాడుతున్నాయి. పాపాయమ్మ ఒకటి దించుకుని, అలవాటు కొద్దీ లోపల చెయ్యి పెట్టి అడుగంతా తడిమింది. చెయ్యి ఒకచోట ఆగిపోయింది.

"సూర్యావతీ," అంది నెమ్మదిగా. "ఈ చిల్లుకి మాటు నేను అంబాజీపేటలో వేయించిందేనే."

సూర్యావతి గబుక్కున ఇంకోటి తిప్పి చూసింది. అంచు మీద తన తల్లి పేరు చెక్కి ఉండాల్సిన చోట అరగదీసిన మచ్చ, కొత్తగా మెరుస్తోంది. మరోటి తిప్పింది. అదీ అంతే. పదీ అంతే.

"మెల్లిగా దించండమ్మా!" అని ఆటో తోలుకొచ్చిన అబ్బులు కంగారుగా అరిచాడు. "సొట్ట పడిందంటే మీ దగ్గరే వసూలు చేస్తానన్నారు ప్రెసిడెంటుగారు. మీ ఊరి నుంచొచ్చిన వాళ్ల కొత్తకోడలు సారెలో తెచ్చుకున్న గుండిగలంటండీ ఇవి!"