వెండి మందు

"చేతికంటితే కడిగినా పోదంటావా?" మళ్ళీ అడిగాడు పోలయ్య.

"పాపమైనా పోతుందేమో గానీ ఇది పోదు," అన్నాడు మందుల కొట్టు పియర్. "నిత్రా దార్జాన్. వెండి మందు. ఇప్పుడు ఉప్పులా తెల్లగా ఉందా? చెమట చేతికి అంటుకుని కాస్త ఎండ తగిలిందంటే, బొగ్గే!"

కాంప్ ద మాస్క్ అనే చెరకుతోటల కాంపులో రామభజనకు పోలయ్యే పెద్ద. కానీ కొన్నాళ్ళుగా దేవుడికి పెట్టకముందే కుండలో లడ్డూలు మాయమవుతున్నాయి. ఎంగిలి నైవేద్యం పెడితే రాముడు ఊరుకున్నా జనం ఊరుకుంటారా? "కుండ దగ్గర తచ్చాడేది పోలయ్యేగా" అని గుసగుసలు మొదలయ్యాయి. ఈ శనివారమూ లడ్డూలు తగ్గితే భజన చిడతలు ఇంకొకరికి ఇచ్చేస్తామని తేల్చేశారు. తాతల నాటి చిడతలు! పోలయ్య ప్రాణం విలవిల్లాడింది.

శుక్రవారం చీకటిపడే వేళ గుడి వెనక గదిలో కుండ మూత పిడి మీద ఆ పొడి చల్లాడు. ఎవరూ చూడలేదని మీసం దువ్వుకుంటూ ఇంటికి పోయాడు.

తెల్లారేసరికి లడ్డూలు సగం లేవు. పోలయ్య కాంపు జనాన్నంతా గుడి ముందు ఎండలో వరసగా నిలబెట్టాడు.

"చాపండి చేతులు! నల్ల చేతులున్నవాళ్ళే దొంగలు!"

ఒక్కొక్కరి చేతులూ చూసుకుంటూ పోతున్నాడు. అప్పటిదాకా చూసినవన్నీ శుభ్రంగానే ఉన్నాయి.

"మరి నీ చేతుల సంగతేంటి మామా?" అంది బాలమ్మ.

పోలయ్య చూసుకున్నాడు. వేళ్ళు బొగ్గు. మూతి కూడా బొగ్గేనట!

"వోలేర్! దొంగోడు! దొంగే 'దొంగా, దొంగా' అని అరుస్తున్నాడు!" జనం ఘొల్లుమన్నారు.

"మూత మీద మందు చల్లింది నేనేనర్రా!"

"మూతకు చల్లితే మూతికెందుకంటింది?"

ఎవరో చిడతలు లాక్కోబోయారు. పోలయ్యకు ఏడుపొక్కటే తక్కువ.

అంతలో వరస చివరనుంచి మంత్రసాని సుబ్బమ్మ ముందుకొచ్చింది. "ఆగండర్రా! నా చేతులు చూడండి, ఇంతకన్నా నలుపు. నేనూ దొంగనేనా? రాత్రంతా పక్కూరు లాల్మతీలో పురుడు పోసి వచ్చా. పసిబిడ్డల కళ్ళల్లో చుక్కలెయ్యమని డాక్టరు దొర ఇచ్చేదీ ఈ వెండి మందే. ముట్టుకుంటే ఎవరికైనా ఇంతే. పోలయ్యన్న చెప్పేది నిజం."

మంత్రసాని మాటకు ఎదురేముంది? కాంపులో సగంమంది ఆవిడ చేతుల్లో పుట్టినవాళ్ళే. జనం నాలుక్కరుచుకుని చిడతలు వదిలేశారు.

"తల్లీ, నా పరువు నిలబెట్టావు!" పోలయ్య కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. ఎంగిలిపడ్డవి ఎలాగూ దేవుడికి పనికిరావని, మిగిలిన లడ్డూలన్నీ మూటగట్టి ఆవిడ చేతిలోనే పెట్టాడు. నైవేద్యానికి కొత్తవి చేయించాడు.

సాయంత్రం భజనకు లాల్మతీ నుంచి వెంకయ్య వచ్చాడు.

"రాత్రి మీ ఊళ్ళో పురుడటగా, ఎవరింట్లో?" ఉత్సాహంగా అడిగాడు పోలయ్య. "ఆడపిల్లా, మగపిల్లాడా?"

వెంకయ్య తెల్లమొహం వేశాడు.

"ఈ మధ్య మా ఊళ్ళో ఈనింది మా ఆవొక్కటే మామా!"