గాల్వే వెళ్లేముందు

“మరి ఆవులో?” అన్నాడు మలాకీ.

అట్రాక్టా రొట్టె కోస్తున్న చాకును ఆపలేదు. ఆ ప్రశ్న వస్తుందని ఆమెకు తెలుసు. గాల్వేలో సముద్రానికి ఎదురుగా ఉన్న గది మాట్లాడేసింది. కారులో పెట్రోలు పోయించింది. భర్త మలాకీ మంచి కోటుకు దుమ్ము దులిపి తలుపు వెనక తగిలించింది. రాస్‌కామన్ జిల్లా పల్లెలోని ఆ ఇంటి నుంచి గాల్వే ఎంతో దూరం కాదు. అయినా ఇద్దరూ కలిసి అక్కడికి వెళ్లింది పెళ్లయిన కొత్తలోనే. అప్పుడు కూడా ఆవు ఈనబోతోందని కబురొస్తే మర్నాడే తిరిగొచ్చేశారు.

నిరుడు రెండుసార్లు పెట్టె సర్దింది. రెండుసార్లూ మలాకీ గుమ్మం దగ్గర ఆగి ఇదే మాట అడిగాడు. ఆమె వాదించింది. వాదించిన కొద్దీ అతను బిగుసుకుపోయాడు, ఆఖరికి చిన్నబోయి కుర్చీలో కూలబడ్డాడు. పెట్టె విప్పక తప్పలేదు.

ఈసారి వాదించకూడదని నిశ్చయించుకుంది. డెబ్బై దాటాక, ఇంకో వేసవి మనదేనని ఎవరు పూచీ ఇస్తారు? మలాకీ చెయ్యి పట్టుకుని ఆ ఒడ్డున ఒక్కసారి నడవాలి. ఆమెకు కావలసింది అంతే.

“ఫిన్టన్‌ని చూసుకోమందాం,” అంది.

“వాడా? పొద్దు నెత్తి మీదకొచ్చేదాకా దుప్పటి వదలడు. వాడి చేతికి ఆవులా?”

పక్క పొలం ఫిన్టన్‌కు నలభై అయిదేళ్లుంటాయి. మలాకీ లెక్కలో ఇంకా చిన్నపిల్లాడే. అట్రాక్టా టీ పోసి, గాల్వే సంగతులు ఎత్తుకుంది. పొద్దున్నే ఒడ్డు వెంట నడుద్దామంది. ఆ దారి చివరనున్న గోడను అందరిలాగే మనమూ కాలితో తన్ని వెనక్కి తిరుగుదామంది. శనివారం సంతలో సముద్రపు గుల్లలు తిందామంది. మలాకీ అంతా విన్నాడు.

“మొన్న ఫుట్‌బాల్‌లో మన కుర్రాళ్లని చితక్కొట్టిన ఊరికి నేనెందుకు రావాలంట?”

“వాళ్ల చేపలన్నీ తినేసి కసి తీర్చుకుందువుగాని.”

అతను నవ్వాడు. అట్రాక్టాకు ధైర్యం వచ్చింది. ఈసారి వెళ్లి తీరుతాం అనుకుని, శాలువా కప్పుకుని పొలం దాటి వెళ్లింది.

ఫిన్టన్ ట్రాక్టరు కింద పడుకుని ఏదో బిగిస్తున్నాడు. ఆమె గొంతు విని బయటికి వచ్చాడు.

“మేం నాలుగు రోజులు గాల్వే వెళ్దామనుకుంటున్నాం, ఫిన్టన్. మలాకీ ఆవుల్ని చూసుకుంటావా?”

అతను ఆమె ముఖంలోకి ఒక క్షణం చూశాడు. చేతికున్న జిడ్డు తుడుచుకున్నాడు.

“దానికి అడగాలా?” అన్నాడు. “సాయంత్రం వస్తాను. ఏమేం చేయాలో ఆయన నోటితోనే చెప్పించుకుంటాను.”

అన్నట్టే రబ్బరు బూట్లతో వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు, కొత్తగా పనికి కుదిరినవాడిలా బల్ల పక్కన నిలబడ్డాడు. మలాకీ అరగంట సేపు అతన్ని నిలువునా జాగ్రత్తలతో ముంచెత్తాడు. చీకటితోనే లేవాలన్నాడు. గడ్డి ముందు వేయాలి, తర్వాతే చెంబు ముట్టాలన్నాడు. యంత్రాలేవీ తేవద్దు, చేత్తోనే పిండాలన్నాడు. ఫిన్టన్ అన్నిటికీ బుద్ధిగా తలూపాడు. పైగా తనే ఎదురు అడిగాడు.

“ఆ తెల్లచుక్కది ఇంకా తంతోందా?”

“ఎడం వైపు నుంచి పోతే తంతుంది. కుడి పక్కన కూర్చుని, ఏదన్నా పాడు.”

“నా పాట వింటే పాలు విరిగిపోతాయేమో.”

“నీ మొహం చూస్తేనే విరుగుతాయి. అయినా పాడు.”

ఆ మాటతో మలాకీ లేచాడు. సంతలో పశువుల బేరం ముగించినట్టు అరచేతిలో ఉమ్మి, చెయ్యి చాచాడు. ఈ కాలం వాళ్లకు అది రోత. ఫిన్టన్ మాత్రం టోపీ తీసి, తన అరచేతిలోనూ ఉమ్మి, ఫెళ్లున చరిచాడు. ఆ చప్పుడుతో గదిలో బరువేదో దిగిపోయినట్టయింది. అలా చెయ్యి చరిచి మాట తప్పినవాణ్ణి ఆ చుట్టుపక్కల ఎవరూ గడప తొక్కనివ్వరు. మలాకీ తృప్తిగా కూర్చుని, గాల్వేలో తన గొడుగు చాలదేమో, పెద్దది పెట్టమన్నాడు.

తెల్లవారింది. అట్రాక్టా గుమ్మంలో, చర్చి నుంచి తెచ్చిన దేవుడి నీళ్లు ఇద్దరి మీదా చిలకరించింది. మలాకీ కోటు బొత్తాలు పెట్టుకుని ఒక కాలు బయట పెట్టాడు. అక్కడే ఆగిపోయాడు.

“ఆవులు...” అన్నాడు.

ఆమె పెట్టెను కింద దించకుండా నిలబడింది.

అప్పుడు వాకిట్లో ఇనుప బొక్కెన చప్పుడయింది. ఫిన్టన్ నిద్ర కళ్లతో, బూట్లు ఈడ్చుకుంటూ కొట్టం వైపు పోతున్నాడు.

“ఇంకా వెళ్లలేదా మీరు?” అని కసిరాడు. “ఆ తెల్లచుక్కది మిమ్మల్ని చూసిందంటే నాకు చుక్క పాలు చేపదు. బయల్దేరండి ముందు.”

“విన్నావా వాడి పొగరు?” అంటూ మలాకీ మురిసిపోయి కారెక్కాడు. “నేర్చుకుంటాడులే. మంచివాడే.”

“మంచివాడే,” అంది అట్రాక్టా. కారు తిప్పింది. మలాకీ మెడ తిప్పి చూస్తూనే ఉన్నాడు. ఫిన్టన్ కొట్టం తలుపు తెరిచాడు, గట్టిగా ఏదో పాట అందుకుని లోపలికి వెళ్లాడు. మలాకీ నిశ్చింతగా ముందుకు తిరిగి, సముద్రం ఎప్పుడొస్తుందని అడిగాడు.

అయిదేళ్లుగా ఆ కొట్టంలో ఒక్క ఆవూ లేదు.