గుప్పెడు ఈతబెల్లం

అవతల శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొలుస్తున్నారు. నేను కలిపిన ఉప్పుబెల్లం నీళ్ళు గొంతులో పడేసరికి ఆ మనిషి లేచి కూచుని, బీడీ ఉందా అని అడిగాడు.

మేఘనా నది ఒడ్డున అలా కలరా పట్టినవాళ్ళని మూడొందల మందిని లేపాను.

సరే, లేపింది నేను కాదు. సలేహా ఆపా, ఊరందరికీ అక్క. నేను ఆవిడ ఎక్కిన పడవ నడిపాను, అంతే.

నేను కలిపింది జన్మలో ఒక్కసారి.

ఇంటింటికీ తిరిగి ఆడవాళ్ళకి నేర్పడం ఆపా పని. మూడు వేళ్ళకి వచ్చినంత ఉప్పు, గుప్పెడు బెల్లం, అర్ధసేరు నీళ్ళు. రోజుకి పదిళ్ళు. ఆ పాఠం విని విని నా పడవ కింద ఈదే పులసలకి కూడా నోటికొచ్చేసింది.

ఎక్కడికెళ్ళినా ఒక ముసలమ్మ లేచేది.

"విరేచనాలకి తీపి పెడతారటమ్మా ఎక్కడైనా?"

ఆపా పుల్లతో నేలమీద గుండ్రంగా గీసేది.

"ఇది మన పేగులో ఒక కణం. దీని చుట్టూ పొర. రెండు వరసల కొవ్వు. ఉప్పు అందులోంచి దూరలేదు. కానీ పొరకి తలుపులున్నాయి. ఉప్పు ఒక్కటే వెళ్ళి తడితే ఆ తలుపు తియ్యదు. తీపి తోడుండాలి. రెండూ కలిసి లోపలికి పోతే, వాటి వెనకాలే నీళ్ళు పోతాయి. మనిషి బతుకుతాడు."

"మా అత్తారింటి తలుపూ అంతే ఆపా. మిఠాయి పొట్లం కనపడితే గానీ తియ్యరు" అనేవాణ్ణి.

ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు.

"నువ్వు తెడ్డు చూసుకో తొరాబ్ భాయి. పాఠం నేను చెబుతా."

నా లెక్క నాకుంది. మందంటే ఉప్పే. బెల్లం, తాగేవాళ్ళని మభ్యపెట్టడానికి.

ఆ శ్రావణంలో వరద మా గడప దాకా వచ్చింది.

మా ఆవిడ మొయ్‌మునాకి తెల్లవారగానే కలరా పట్టుకుంది. బియ్యం కడుగులా విరేచనాలు. కాస్త పొద్దెక్కేసరికి కళ్ళు గుంటలు పడ్డాయి. చేతిమీద చర్మం గిల్లి వదిలితే, గిల్లింది గిల్లినట్టే నిలబడింది.

"హాస్నా నాన్నా, అటకమీద ముంతలో ఈతబెల్లం ఉంది. అల్లుడొస్తే బియ్యప్పిండితో పిఠాలు చేద్దామని చలికాలంలో దాచా. అది తీసి కలుపు" అంది. మా కూతురి పేరుతోనే నన్ను పిలిచేది.

దాచిందని నాకు తెలుసు. రోజూ పడవలో మరమరాల్లో నంజుకుని ఆ ముంత ఖాళీ చేసింది నేనే. చీమలకి కూడా మిగల్చలేదు.

పడవ గుంజకి కట్టే ఉంది. ఇరవై తెడ్లు వేస్తే పక్కిల్లు. అడిగితే ఇస్తారు.

అడగడానికి వెళితే ముంత సంగతి ఆమెకి తెలిసిపోతుంది.

అటకెక్కాను. ముంతలో చెయ్యి పెట్టాను. గుప్పిట బిగించి కిందికి దిగాను. ఆమె చూస్తూ ఉండగా గిన్నెమీద గుప్పిట విప్పి, గిరగిరా కలిపాను.

ఉప్పు మాత్రం రెండింతలు వేశాను. ఆ లోటు ఇది తీరుస్తుందనుకున్నా.

"తియ్యగా ఉందా?"

"ఉంది" అని నవ్వింది.

గిన్నె తర్వాత గిన్నె తాగింది. తాగినకొద్దీ దాహం. తాగింది తాగినట్టే పోయింది.

మధ్యాహ్నం ఆపా ఇంకెవరి పడవలోనో వచ్చింది. అప్పటికి మొయ్‌మునా ముఖంమీద చీరకొంగు కప్పేశాను.

ఆపా గిన్నె అడుగున మిగిలినదాంట్లో వేలు ముంచి నాలుకకి రాసుకుంది.

"బెల్లం ఎంత వేశావు భాయి?"

"గుప్పెడు."

ఆవిడ గిన్నె కింద పెట్టింది. మళ్ళీ నా పడవ ఎక్కలేదు.

ఇంత చెప్పాక ఒకటి ఒప్పుకోవాలి. మా ఇంట్లో జరిగిందంతా జరిగినట్టే చెప్పాను, ఒక్క ముక్క తప్ప. అది నేను కల్పించింది.

తియ్యగా ఉందని మొయ్‌మునా అనలేదు. నవ్వనూ లేదు.

"ఏదీ, నీ చెయ్యి చూపించు" అంది.