పక్క చోటు

పాట మొదలయ్యాక ఒక ముసలామె వెనక నుంచి నడుచుకుంటూ ముందు బెంచీ దగ్గరికి వచ్చింది.

అక్కడ కూర్చున్న పెర్సిస్ పక్కనున్న బైబిలు తీసి, తన ఒళ్ళో పెట్టుకుని ఆ చోట్లో కూర్చుంది.

పెర్సిస్‌కి ఒళ్ళు మండింది.

"అది మా ఆయన జాగ," అంది గొంతు తగ్గించి.

"వస్తుండా బిడ్డా?"

"పోయిన వానకాలమే ప్రభువు దగ్గరికి పోయిండు."

అప్పటి నుంచి ప్రతి ఆదివారం క్రిస్టోఫర్ చోట్లో అతని బైబిలు పెట్టుకుని కూర్చుంటోంది పెర్సిస్. మెదక్ చర్చిలో ఎవరూ ఆ ఛాయలకు రారు. ఈమె కొత్త మనిషి కాబోలు!

"దేవుడు ఓదారుస్తడని పాడ్తివి గద," ముసలామె నవ్వింది. "గా జాగల పుస్తకం పెడ్తె, దేవుడు వచ్చి యాడ కూసోవాలె?"

పేరు ఆగమ్మట. రేగోడ్ బస్సుకు వస్తుందట. అడక్కుండానే చెప్పింది.

ఇక ప్రతి వారం అక్కడే. శ్రుతి లేదు, లయ లేదు, గొంతెత్తి పాడేది. ప్రార్థనలో పెర్సిస్ కళ్ళు తడిస్తే మాత్రం మాటా పలుకూ లేకుండా చెయ్యి పట్టుకునేది. గరుకు చెయ్యి, వెచ్చటి చెయ్యి.

ఒక ఆదివారం ఆరాధన ముగిసేదాకా పెర్సిస్‌కి క్రిస్టోఫర్ గుర్తే రాలేదు.

తన మీద తనకే కోపమొచ్చింది. ఆ కోపం ఆగమ్మ మీదికి మళ్ళింది.

"ఇంకోకాడ కూసోండ్రి అమ్మా. మనిషి పోయిన బాధ మీకేం ఎర్క?"

ఆగమ్మ బైబిలును కొంగుతో తుడిచి, దాని చోట్లో పెట్టి, లేచి వెళ్ళింది.

తర్వాతి వారాల్లో పెర్సిస్ చెయ్యి ప్రార్థనలో పక్కకు పోయేది. చల్లటి అట్ట తగిలేది. ఎంత ఏడ్చినా ఆ చెయ్యి కావాలనే ఉండేది.

చివరికి ఒక ఆదివారం బైబిలు తనే ఒళ్ళోకి తీసుకుని, చోటు ఖాళీగా ఉంచింది. అడుగుల చప్పుడు కోసం చెవులప్పగించి కూర్చుంది.

ఆగమ్మ రాలేదు.

అందరూ వెళ్ళాక చర్చి ఊడ్చే సొలొమోనును అడిగింది.

"ఆగమ్మనా మేడం? జరమొచ్చి పోయింది. మొన్ననే మట్టి చేసినం."



"ఏ బెంచీల కూసుంటుండె?" అడిగింది పెర్సిస్.

సొలొమోను వెనక్కి చూపించాడు. ముందు బెంచీలో కూర్చునే పెర్సిస్ ఏనాడూ వెనక్కి తిరిగి చూసింది లేదు.

ఆఖరి బెంచీ మీద ఒక పాత కండువా, రెండు చిన్న టోపీలు వరసగా పరిచి ఉన్నాయి.

"పెనిమిటిది, పిల్లలయి. తియ్య మనసొప్పలే. ముగ్గురు ఒక్కనాడే వాగుల కొట్టుకపోయిండ్రు. ఎన్నేండ్లాయెనో, గవి పక్కన పరుసుకోని ఒక్కతే కూసునేది. మీ పక్కకు వచ్చిననాడు మూట గట్టి నా చేతిల పెట్టింది, ఇగ అక్కర లేదు సొలొమోను అని."

"మరి నేను లేపినంక?"

సొలొమోను చీపురు గోడకానించాడు.

"మల్లొచ్చి మూట అడిగింది మేడం."