పద్నాలుగో సిరంజి

“చీపురు పట్టకు సారక్కా. కాలు గూడ కదపకు.”

ఊడవడానికి వంగిన సారక్క అట్లాగే నిలబడిపోయింది. నీరజ మోకాళ్ల మీద కూర్చుని, బల్ల కింద ఫోను లైటు వేసి చూస్తోంది. ఈరోజు చింపిన సిరంజి కవర్లు పద్నాలుగు. ఎర్ర డబ్బాలో పడ్డ సిరంజిలు పదమూడు.

“ఒక్క సూదికి గింత పరేషానా, బిడ్డా?”

“వాడిన సూదక్కా. ఎవరికి గుచ్చుకుంటే వాళ్లకు రోగం అంటుకుంటది.”

మరమగ్గాల షెడ్ల నడుమ వడోద్‌లోని ఆ చిన్న క్లినిక్‌లో నీరజ నర్సుగా చేరి మూడు నెలలు. పెళ్లయి ఒక్క నెల. వాడిన సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, వెంటనే మిషన్‌లో కోసేయాలి, సూదుల బల్ల మీద తిండి పెట్టొద్దు అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి గోడకు అంటించింది ఆమే. పోయిన వారం తనిఖీకి వచ్చినవాళ్ల ప్రశ్నలన్నింటికీ తడుముకోకుండా జవాబులు చెప్పిందీ ఆమే.

“బిక్షపతే ఎత్తుకపోయిండు,” సారక్క తేల్చేసింది. “సాంచకు నూనె పోసుకుంట, సూదియ్యమని ఇయ్యాల నిన్ను సతాయించె గదా.”

సాంచల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసేవాళ్లందరికీ అదే ఆశ. సిరంజితోనైతే ఇరుకు సందుల్లోకి కూడా చుక్క నూనె సూటిగా పడుతుంది. నిన్న శివకృష్ణ బతిమాలినా, “మొగనికైనా ఇయ్య,” అని నవ్వేసింది నీరజ.

కానీ ఈరోజు సూది వేయించుకుని పోయిన బిక్షపతికి ఉన్నవి రక్తంతో అంటుకునే కామెర్లు. వెంటనే అతనికి ఫోన్ చేసింది.

“బిక్షపతన్నా, సూది నీతాన ఉన్నదా?”

“నా జేబుల బీడీలున్నయి చెల్లె. మీ ఆయన రాంగనే నన్ను ఇడిసిపెట్టి ఉరికితివి. దూది గూడ నేనే ఒత్తుకున్న.”

నీరజ బుగ్గలు వేడెక్కాయి. నిజమే. షెడ్డు నుంచి శివకృష్ణ అన్నం డబ్బాతో వచ్చాడు. ఉన్నవి పదే నిమిషాలు. కూర్చోవడానికి చోటు లేక ఆ బల్ల కొసనే తిన్నారు. ఆమె గడ్డం మీద కారిన పచ్చిపులుసును అతను తన రుమాలుతో తుడిచాడు. బయట పేషెంట్లు దగ్గుతుంటే, చేతికందినవన్నీ గబగబా సంచిలోకి తోసి అతన్ని పంపేసింది.

సారక్కకు చెప్పులు తొడిగించి ఇద్దరూ మూలమూలా వెతికారు. దొరకలేదు. డాక్టరమ్మకు చెప్పి, గదికి తాళం వేసి నీరజ ఇంటిదారి పట్టింది. ఎవరి అరికాలో, ఎవరి వేలో అన్న బెంగ దారి పొడవునా వదల్లేదు.

గుమ్మంలోనే శివకృష్ణ ఎదురొచ్చాడు. ముఖం వెలిగిపోతోంది.

“ఇయ్యాల నా సాంచ ఎంత మెత్తగ నడిచిందో ఎరుకేనా?”

అతని బొటనవేలికి గుడ్డపీలిక చుట్టి ఉంది.

“వేలికేమైంది?”

“ఏం గాలే. జర గుచ్చుకున్నది.”

“ఏం గుచ్చుకున్నది?”

శివకృష్ణ సిగ్గుపడుతూ నవ్వాడు.

“డబ్బా సంచిల నువ్వు దాసిపెట్టిన సూదే.”