కనపడని కంప్యూటరుకు బొట్టు

పొందూరు ఖద్దరు కొట్టు లెక్కలన్నీ ఇకమీదట ఎక్కడో దూరాన ఉన్న కంపెనీ కంప్యూటర్లోనే ఉంటాయట. కొట్టులో తెర మాత్రమే. ఆ కంపెనీని నమ్మవచ్చో లేదో కోడలు సింధు తేల్చాలి. పొద్దున్నే అత్త భాగ్యవతి తెర మూలన తడి కుంకుమతో బొట్టు పెట్టింది.

"కొత్త మెషీన్ కదే. బొట్టెట్టకుండా పని మొదలెడతామేటి?"

"మెషీన్ ఇక్కడ లేదు కదత్తయ్యా!" అంటూ సింధు పడీపడీ నవ్వింది.

కోటబొమ్మాళిలో ఉన్న తమ రెండో కొట్టుకు వెళ్లి, సింధు అక్కడి పని చూసుకునేసరికి చీకటి పడింది. స్టేషన్లో కీచురాళ్ల రొద తప్ప మనిషి అలికిడి లేదు. రైలొచ్చేలోగా చివరి పరీక్షగా ఆ కంపెనీ లెక్కలు ఫోన్లో తెరిచింది. పొద్దున వదిలిన లెక్క వదిలిన చోటే ఉంది! సంబరంతో చప్పట్లు కొట్టబోయి ఆగింది. ఫోన్ తెర మూలన ఎర్రని చుక్క. తుడిచింది. వేలికి కుంకుమ అంటింది.

వెంటనే అత్తకు ఫోన్ చేసి బొట్టు సంగతి చెప్పింది.

"అందినాదా! మరింకేటి, ఆళ్లనే ఖాయం సేసీ," అని భాగ్యవతి మురిసిపోయింది. "బొట్టెట్టించుకున్నోళ్లు తిరిగి మనకీ ఎట్టాలి గదా. ఎట్టినారేటి?"

సింధు నవ్వుతూనే ఫోన్ దించింది. నల్లబడిన అద్దంలో తన ముఖం కనిపించింది. నుదుట స్టిక్కరు బొట్టు పైన, ఇంకా తడి ఆరని కుంకుమ.