తడి చెప్పే కంబం

పెద్దులు జీపుకు అడ్డంగా కూర్చున్నాడు. లేవమంటే లేవలేదు.

జీపులో ఉన్నది భూములు తీసుకునే ఆఫీసరు నరేష్ సారు. వచ్చింది మోత్కూర్ అవతలి ఇరవై ఎకరాల చెలక కోసం. గుట్ట వెనక పెద్దులు వాడలో గుంటెడు భూమి ఎరగని ముప్పై ఎనిమిది ఇళ్ల వాళ్లకు ఎప్పుడో సర్కారు పంచిన జాగా అది. రాళ్లు ఏరి, ముళ్లు కొట్టి, వానాకాలం జొన్న, కంది, ఆముదం తీసుకుంటున్నారు. ఇప్పుడక్కడ సోలార్ పలకలు పరుస్తారట. తడి నిలిచే తరి భూమైతే ముట్టుకోరు. ఎండిన బీడైతే తీసుకుంటారు. బీడేనని సారు ముందే కాగితం రాసుకుని వచ్చాడు.

"బీడెట్లయితది సారూ? జానెడు తవ్వు, చేతికి తడి తగుల్తది," అన్నాడు పెద్దులు.

"నీ కండ్లు, నా కండ్లు సాక్ష్యం కాదు. మిషన్ చెప్పాలె. నెల రోజులు చూస్తది. అదేం చెప్తే అదే రాస్త."

పెద్దులు అప్పుడు లేచాడు. తువ్వాల దులిపి భుజాన వేసుకున్నాడు. ఆ మాటనే సారు చేత అందరి ముందూ ఇంకోసారి అనిపించాడు.

మరునాడు శైలజ అనే ఇంజనీరమ్మ వచ్చి చెలక నడిమధ్య కంబం పాతించింది. దాని తల మీద బోర్లించిన గిన్నెలాంటిదొకటి ఉంది. సెల్‌ఫోనుకు దారి చూపే ఉపగ్రహాలున్నాయి కదా, వాటి సిగ్నల్ నేల మీద పడి ఎగిరి వస్తుందట. ఆ ఎగిరి వచ్చినదాన్ని కంబం పట్టుకుంటుందట. తడి నేల అద్దంలాంటిది, వచ్చినదాన్ని వచ్చినట్టే తిప్పి కొడుతుంది. పొడి నేల చాలావరకు మింగేస్తుంది. పెద్దులు విన్నదే మళ్లీ మళ్లీ అడిగి చెప్పించుకున్నాడు. చుట్టూ ఎంత దూరం చూస్తుందని అడిగితే, ఇరవై అడుగులు వేసినంత అంది. ఎంత లోతు అంటే, రెండు మూడు వేళ్లు అంది.

"అయితే జానెడు కిందున్న తడి దానికి కనపడదా బిడ్డా?"

"కనపడదు తాతా."

"ఇగ మాకంటె గుడ్డిదాన్ని తెచ్చి సాక్ష్యం పెట్టిండ్రన్నట్టు."

ఆమె నవ్వింది. లెక్క ఎనిమిది రోజుల తర్వాత హైదరాబాదు నుంచే మొదలవుతుందని, ఆ తర్వాత కంబం దగ్గర మనుషులు తిరగొద్దని, ఇనుము కూడా తడి నేలలాగే తిప్పి కొడుతుంది కాబట్టి బండ్లు ఆపొద్దని కాగితం రాసి ఇచ్చింది. ఈలోపు నేల దున్ని చదును చేసుకోవచ్చా అని అడిగితే చేసుకోమంది.

ఆ ఎనిమిది రోజులూ వాడ మొత్తం చెలకలోనే ఉంది. తొమ్మిదో రోజుకు కంబం చుట్టూ తుమ్మకంప కంచె లేచింది. పెద్దులు కట్టె పట్టుకుని దాని ముందు కూర్చున్నాడు. మనిషిని కాదు, మేకపిల్లను కూడా లోపలికి పోనివ్వలేదు. నడి ఎండాకాలం. ఊళ్లో బోర్లు గాలి కక్కుతున్నాయి.

నెల తిరిగింది. జీపు మళ్లీ వచ్చింది. సారు ముఖం మాడిపోయి ఉంది. ఆ నేల నాటు వేసిన వరి మడి అంత తడిగా ఉందట. శైలజకు ఫోన్ చేసి అడిగితే, రెండుసార్లు సరిచూశాను, మిషన్ బాగానే ఉంది అందట.

సారు గట్టు మీద వంగి పిడికెడు మట్టి తీసి ఊదాడు. పొగలా లేచిపోయింది.

"ఇది తడా? నన్ను లోపటికి పోనియ్."

పెద్దులు కట్టె అడ్డం పెట్టాడు. "దగ్గర తిరగొద్దని మీ కాయిదంలనే ఉంది. కండ్లు సాక్ష్యం కాదంటిరి గద సారూ. నాడు నా కండ్లు కాకపాయె. నేడు మీ కండ్లెట్లయితయి?"

వాడ జనం గట్టు పొడుగునా నిలబడి చూస్తున్నారు. సారు జీపు బానెట్ మీద కాగితం పెట్టి, బీడు కొట్టేసి, తరి అని రాసి సంతకం గీకాడు. పెద్దులు దాన్ని మడిచి బొడ్లో దోపుకున్నాడు.

"ఎండ మండుతాంది. మా ఇంటికొచ్చి జర చల్ల తాగి పోండ్రి," అన్నాడు.

పక్కనే ఉన్న అతని భార్య మైసమ్మ గుర్రుగా చూసింది.

"మీ వాడకా? వద్దులే, పనుంది," అని సారు జీపెక్కాడు.

జీపు కనుమరుగు కాగానే మైసమ్మ మొగుడి భుజం పొడిచింది. "నీకేమన్న పిస లేసిందా? సరే పా అని ఆయన ఎంబడొస్తే ఏం జేద్దువు?" అంది.

"పదేండ్లాయె ఈ మండలానికొచ్చి. మన వాడల ఎన్నడన్న కాలు పెట్టిండా?" అన్నాడు పెద్దులు.

ఆ నెల రోజులూ గుట్ట వెనక వాడలో ఏ ఒక్క ఇంటికీ పైకప్పు లేదు, ముప్పై ఎనిమిది ఇళ్ల ఇనుప రేకులూ కంబం చుట్టూ రెండు వేళ్ల మట్టి కింద పరిచి ఉన్నాయి.